నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి

గ్రహణం అద్దాలు చెయ్యడం పెద్ద విద్యేం కాదు. అట్టముక్కకి రెండు కళ్ళు కత్తిరించాలి, వెనక నల్ల ఫిల్ము అతికించాలి, చెవులకి తగిలించుకునే కాడలు మడవాలి. ఫిల్ము మీద సూదిమొనంత చిల్లు ఉన్నా పారెయ్యాలి, లేకపోతే ఎవరి కన్నో పోతుంది. అందుకని ఒక్కోదాన్నీ దీపానికి ఎదురుగా పట్టుకుని చూడాలి. నక్షత్రశాలకి వచ్చే జనానికి పంచడానికి గోనెసంచెడు కావాలి. బయట చేయిస్తే దండగ అన్నారు మావారు. "ఇంట్లో మీరిద్దరూ ఖాళీయే కదా, టీవీ చూస్తూ చేసెయ్యొచ్చు" అన్నారు. మేమిద్దరం అంటే నేనూ, మా అత్తయ్యా. నేను పొద్దున వంట చేసి, నక్షత్రశాలకి వెళ్ళి సాయంత్రం దాకా షోలు చెప్పి, వచ్చి మళ్ళీ వంట చేసే ఖాళీ మనిషిని. అత్తయ్య మోకాళ్ళ నొప్పులతో కూర్చున్న ఖాళీ మనిషి.

భోజనాల బల్ల మీద నేను కత్తిరిస్తుంటే ఆవిడ కాడలు మడుస్తోంది. మా ఆడపడుచు చిట్టి కడుపుతో ఉంది, ఎనిమిదో నెల. వాళ్ళాయన పని మీద వేరే ఊరు వెళ్ళాడని మా దగ్గరకొచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని, పొట్ట మీద గిన్నె పెట్టుకుని పండ్లముక్కలు తింటోంది.

"అమ్మా, గ్రహణమంటే వణికిపోతావు. మళ్ళీ అది చూడ్డానికి అద్దాలు నువ్వే చేస్తావు. రెండు పార్టీలకీ ఓటేస్తున్నావేంటి?"

"నా కొడుకు పని కదే. అద్దాలు సరిపోలేదంటే వాడి పేరే పోతుంది. నువ్వు మాత్రం ఆ రోజు గది దాటావంటే కాళ్ళు విరగ్గొడతా."

"అన్నయ్య ఏమీ కాదంటాడుగా?"

"అన్నయ్య అంటాడు. మీ వదిన సంగతి తెలుసుగా."

మీ వదిన సంగతి. ఆ మాట మా ఇంట్లో ఉప్పుడబ్బాలా ఒకే చోట ఉంటుంది. ఎవరికి కావాలంటే వాళ్ళు చెయ్యి చాపి తీసుకుంటారు. నేను తలెత్తలేదు. చేతిలో ఉన్న ఫిల్మును దీపానికి అడ్డం పెట్టి చూశాను. చిల్లేం లేదు.

సంగతేమిటంటే, తొమ్మిదేళ్ళ కిందట ఇలాంటి గ్రహణమే వచ్చింది. నాకూ అప్పుడు ఎనిమిదో నెలే. ఆ రోజంతా నక్షత్రశాల ముందు పచ్చికలో నిలబడి జనానికి గ్రహణం చూపించాను. బిడ్డ పోయింది. ఆడపిల్ల. కాబట్టి గ్రహణం మింగేసింది. ఇది మా అత్తయ్య లెక్క. చుట్టాల లెక్కా అదే. మావారు నక్షత్రశాలలో లెక్చరర్. గ్రహణం అంటే నీడ మాత్రమేనని, నీడ ఎవర్నీ ఏమీ చెయ్యదని ఊరూరా తిరిగి చెబుతారు. దానికి శాలువాలు కప్పుతారు, ఫొటోలు తీస్తారు. ఇంట్లో మాత్రం వాళ్ళమ్మ ఆ మాట అన్నప్పుడల్లా పేపరు కాస్త పైకెత్తుకుంటారు. ఒకసారి అడిగాను, మీరైనా చెప్పొచ్చుగా అని. "ముసలావిడ, అనుకోనీ. ఆవిడతో వాదించి ఏం సాధిస్తాం? నీకు తెలుసు, నాకు తెలుసు, చాలదా?" అన్నారు. అప్పట్లో చాలుతుందనే అనుకున్నాను.

నా పని గురించి కూడా చెప్పాలి. నక్షత్రశాల అంటే బోర్లించిన గిన్నెలాంటి గది. జనం కుర్చీల్లో వెనక్కి వాలి కూర్చుంటారు. నేను మధ్యలో కంట్రోల్ బల్ల దగ్గర ఉంటాను. మెల్లగా దీపాలు తగ్గిస్తాను, పడమట ఎర్రదనం దించుతాను, ఒక్కసారిగా చుక్కలు వేస్తాను. అప్పుడు పిల్లలు "ఓ" అని అరుస్తారు. ఎన్నేళ్ళు విన్నా నాకు ఆ "ఓ" పాతబడలేదు. ఆ తర్వాత నా గొంతు ఒక్కటే. రికార్డు కాదు, అప్పటికప్పుడు చెప్పడమే. ఇదిగో ఈ చుక్క ఎంత దూరం, ఎంత వేడి అని చెబుతాను. ఈ చుక్కల మధ్య నిజానికి గీతలేం లేవనీ, మనుషులే గీసుకున్నారనీ చెబుతాను. అవే చుక్కల్ని ఒక చోట వేటగాడన్నారు, ఇంకో చోట నాగలన్నారు, ఇంకెక్కడో గరిటె అన్నారు. గరిటె అన్నది ఖచ్చితంగా ఆడమనిషే అంటాను, ఆడవాళ్ళు నవ్వుతారు. లెక్క వేసినవాడూ, బొమ్మ గీసినవాడూ, దణ్ణం పెట్టుకున్నవాడూ మొదట చేసిన పని మాత్రం ఒక్కటే, తలెత్తి చూడడం అంటాను. ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడను. ఆ మాట్లాడకపోవడం షోలో నేనే పెట్టాను. అప్పుడు కొందరు చేతులు జోడిస్తారు, కొందరు గురక పెడతారు. కొందరు ఏడుస్తారు, ముక్కు ఎగబీల్చడం వినిపిస్తుంది. ఇంట్లో ఏడవడానికి చోటు లేనివాళ్ళు టికెట్టు కొనుక్కుని వచ్చి ఏడుస్తారని మా టికెట్ల అక్కకి కూడా తెలుసు. ఆవిడ అలాంటివాళ్ళకి గోడ పక్క సీటు ఇస్తుంది.

మొదట్లో మావారికి ఇదంతా నచ్చేది కాదు. "సైన్సు చెప్పు, కథలెందుకు? భజన చేస్తున్నావా?" అనేవారు. తర్వాత బయట ఎవరో మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆయన లెక్చర్ పేరు 'ఆకాశం ఒక వంతెన'. విజ్ఞానానికీ సంస్కృతికీ కళకీ ఆధ్యాత్మికతకీ మధ్య వంతెన అని బ్యానర్ మీద ఉంటుంది. వేటగాడూ నాగలీ గరిటే అందులో ఉన్నాయి. గరిటె దగ్గర ఆయనకి జనం సరిగ్గా నవ్వరని విన్నాను. నాకు దాని గురించి పెద్ద బాధ లేదు. ఇంట్లో నా కంచం, నా తువ్వాలు కూడా అందరివే. మాటలు మాత్రం నావి ఎలా అవుతాయి?

గ్రహణానికి ఇంకా వారం ఉందనగా ఒక స్కూలు పిల్లలు షోకి వచ్చారు. అయిపోయాక వాళ్ళ టీచరమ్మ నా బల్ల దగ్గరకి వచ్చింది. మనిషి బొద్దుగా ఉంది, చంకలో ఎవరిదో పిల్లాడి నీళ్ళసీసా ఇరికించుకుంది.

"మేడమ్, మీరు సార్ వాళ్ళావిడే కదూ? సార్ మా ఊళ్ళో మీ గురించి చెప్పారండీ. ఎంత ధైర్యం మీకు!"

ఏం ధైర్యం అన్నాను.

"అదేనండీ, నిండు కడుపుతో గ్రహణంలో రోజంతా నిలబడ్డారుగా. 'నా భార్యే సాక్ష్యం, ఏమైంది? ఏమీ కాలేదు!' అన్నారు సార్. హాలంతా చప్పట్లు. మా అక్కకి కూడా అదే చెప్పాను." తర్వాత నా వెనక్కి తొంగిచూసి అడిగింది, "అమ్మాయిని తీసుకురాలేదా?"

నాకు అర్థం కాలేదు. నిజంగా అర్థం కాలేదు. ఇంకెవరి గురించో అనుకున్నాను.

"మీ అమ్మాయండీ. నాలుగో తరగతి కదూ? ముందు పళ్ళు ఊడాయటగా. వాన పడితే చందమామ తడుస్తాడా అని అడిగిందని సార్ చెబితే మా పిల్లలు పడీ పడీ నవ్వారు."

ఇక్కడ నేను 'లేదండీ, పొరపాటు' అనాలి. ఎవరైనా అంటారు. నేను బల్ల అంచు పట్టుకుని, "ఇంకా ఏం చెప్పారు?" అని అడిగాను.

ఆవిడ సంతోషంగా చెప్పింది. బొమ్మలు బాగా వేస్తుందట. శనిగ్రహం చుట్టూ ఉన్న వలయం వేలికి ఉంగరంలా పెట్టుకుంటానంటుందట. కాకరకాయ చూస్తే బల్ల కింద దూరుతుందట. "మరి నాన్నపోలికా, మీ పోలికా?" అని అడిగింది.

"జుట్టు నాది" అన్నాను.

నా నోట్లోంచే వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఆవిడ నా చెయ్యి నొక్కి, "గ్రహణం రోజు వస్తామండీ, అప్పుడైనా చూపించండి" అని పిల్లల్ని తోలుకుంటూ వెళ్ళిపోయింది. తర్వాతి షోలో నేను పడమటి వైపు చూపిస్తూ తూర్పు అన్నానట. టికెట్ల అక్క చెప్పింది.

కోపం రాలేదు. రావలసింది. ఇంటికి నడిచి వెళ్తూ ఆ పిల్ల గురించే ఆలోచించాను. ముందు పళ్ళు ఊడితే మాటలు ఎలా ఉంటాయి? 'స' పలకదు. బల్ల కింద దూరితే నేను ఏమంటాను? రెండు ముద్దలు తింటే చాలు రామ్మా అంటాను. పెన్సిళ్ళ దుకాణం ముందు ఆగాను. లోపలికి వెళ్ళలేదు, ఆగానంతే. రెండు రోజులు అలాగే గడిచాయి. వంట చేస్తుంటే వెనక కూర్చుని లెక్కలు చేసుకునేది. అద్దాలు అతికిస్తుంటే ఒకటి ఎత్తుకెళ్ళి పెట్టుకుని గోడకి గుద్దుకునేది. తొమ్మిదేళ్ళలో నేను తనని ఎప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. చూడనివ్వలేదు కూడా. పుట్టిన రోజే తీసుకెళ్ళిపోయారు. చూస్తే మర్చిపోలేవు అన్నారు. పేరు పెట్టలేదు. పేరు పెడితే ఏడవాల్సొస్తుంది అన్నారు.

మూడో రోజు సాయంత్రం వంటింట్లో ఆయన్ని అడిగాను. ఆయన నీళ్ళు తాగడానికి వచ్చారు.

"మనమ్మాయికి పళ్ళు ఎప్పుడు ఊడాయండీ?"

గ్లాసు పెదాల దగ్గరే ఆగింది. ఎవరు చెప్పారని అడగలేదు. మెల్లగా గ్లాసు దించి, "అది... జనానికి ఒక ఉదాహరణ కావాలి. నీడలు, కోణాలు అంటే ఎవడూ వినడు. ఒక తల్లీ బిడ్డా అంటే వింటారు. ఆ మాట విని ఎంతమంది ఆడవాళ్ళు బయటికొచ్చారో తెలుసా నీకు? ఎన్ని ఇళ్ళలో భయం పోయిందో? మంచిపనే కదా" అన్నారు.

"పళ్ళు ఎలా తట్టాయి?"

"ఎదురుగా పిల్లలుంటారు కదా. వాళ్ళని చూసి చెబుతాను. ప్రతి ఏడూ ఒక క్లాసు పెంచాలి, లేకపోతే ఎవడో ఒకడు పట్టేస్తాడు." ఆ మాట చెబుతూ కాస్త నవ్వారు కూడా. నవ్వాక ముఖం తిప్పుకున్నారు. ఆయన మెడ వెనక భాగం చూస్తే నాకు ఒక సంగతి తెలిసింది. ఉదాహరణ ఒక్కటే కాదు. ఈ మనిషి ఊరూరా తిరుగుతూ మా అమ్మాయిని పెంచుకుంటున్నారు. నడిపించారు, బళ్ళో వేశారు, కాకరకాయ తినిపించబోయారు. ఆడుకోవడానికి ఆయనకో బిడ్డ ఉంది, హాలునిండా జనం ఉన్నారు. నన్ను మాత్రం పిలవలేదు. ఇంట్లో నేను గ్రహణం చూసి బిడ్డని చంపుకున్నదాన్ని. బయట గ్రహణం చూసి బంగారం లాంటి బిడ్డని కన్నదాన్ని. రెండూ ఈయన నోటిమీదుగానే, ఒకటి మాట్లాడి, ఒకటి మాట్లాడకుండా. అసలు జరిగింది మాత్రం ఏ ఊళ్ళోనూ లేదు.

జరిగింది చిన్న సంగతి. ఆ రోజు పొద్దున లేచాక బిడ్డ కదల్లేదు. పక్కకి తిరిగి పడుకున్నాను, చల్లటి నీళ్ళు తాగాను, పొట్ట మీద తట్టాను. కదల్లేదు. ఆయనకి చెప్పాను. ఆయన బూట్లు వేసుకుంటున్నారు. "ఈ హడావుడిలో నువ్వు నిద్రపోలేదు, అది నిద్రపోతోంది. మనుషులు తక్కువున్నారు, నువ్వు లేకపోతే ఎలా? గ్రహణం అయ్యాక వెళ్దాం" అన్నారు. గ్రహణం అయ్యాక మళ్ళీ చెప్పాను. టీవీవాళ్ళు వచ్చారు, ఇంటర్వ్యూ అయ్యాక అన్నారు. తర్వాత చివరి షో. ఆసుపత్రిలో డాక్టరమ్మ గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత మిషన్ పెట్టి చూసి, దాని శబ్దం ఆపేసింది. ఎందుకు ఆపేశారని అడిగాను. ముందొస్తే బతికేదా అంటే చెప్పలేం అంది. చెప్పలేరు, నిజమే. నేనూ ఎప్పుడూ అలా అనలేదు. వెళ్ళలేదు, అంతవరకే నాకు తెలుసు. వరండాలో ఆయన గోడకి తల ఆనించి ఏడ్చారు. అప్పుడు అత్తయ్య వచ్చి, "గ్రహణం పట్టిందిరా దానికి" అంది. ఆయన ఏడుపు ఆపి వాళ్ళమ్మ వైపు చూశారు. మునిగిపోతున్నవాడికి ఎవరో కొమ్మ అందించినట్టు చూశారు. ఆ చూపు నేను స్ట్రెచర్ మీదనుంచి చూశాను. చూసి కూడా ఇన్నేళ్ళూ దానికి పేరు పెట్టలేదు.

"మీకు ఆ రోజు పొద్దున్నే చెప్పాను" అన్నాను వంటింట్లో.

"ఇప్పుడెందుకు అదంతా?"

"పొద్దున్నే చెప్పాను. గ్రహణం అయ్యాక కూడా చెప్పాను."

"చూడు, చచ్చిపోయిన నక్షత్రం వెలుగు కూడా ఎంతో కాలం వస్తూనే ఉంటుంది. అలా అనుకో మనమ్మాయిని..."

"ఆ స్లైడు నేనే వేస్తానండీ రోజూ" అన్నాను.

ఆయన గ్లాసు గట్టు మీద పెట్టారు. తర్వాత అసలు సంగతికి వచ్చారు. ఎలాగూ తెలిసిపోయింది కాబట్టి అడగడం తేలికైనట్టుంది. గ్రహణం రోజు డోములో ఆయన లెక్చర్ ఉంది, టీవీలో లైవ్ వస్తుంది. ఆ కథ చెప్పాక నన్ను అడుగుతారు. "నువ్వేం మాట్లాడక్కర్లేదు. 'అవునండీ' అను చాలు. నీ గొంతు వింటే నమ్ముతారు. లక్షమంది చూస్తారు, ఆలోచించు. ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో." వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "చిట్టిని మాత్రం లోపలే ఉండమను. అమ్మ మనశ్శాంతి కోసం" అన్నారు.

బయట భోజనాల బల్ల దగ్గర అట్ట మడిచే చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

మర్నాడు పొద్దున చిట్టి స్నానానికి వెళ్ళినప్పుడు అత్తయ్య నా ఎదురుగా కూర్చుంది. ఒక కాడ మడిచింది. మళ్ళీ విప్పింది.

"అమ్మాయ్, వాడికి పొద్దున్నే చెప్పావా?"

"చెప్పాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకు చెబితే బయటికి పోనివ్వరని ఆయన చెప్పొద్దన్నారు."

ఆవిడ తలూపింది.  ఈవిడ కొడుకుని వెనకేసుకొస్తుందని నేను సిద్ధంగా ఉన్నాను. నా దగ్గర జవాబులు కూడా ఉన్నాయి, ఎన్నో ఏళ్ళవి. ఆవిడ అవేమీ అడగలేదు.

"గ్రహణమే అయ్యుంటే బాగుండేదే" అంది.

గొంతు అలా చిన్నగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. ఆ తర్వాత నేను అడగకుండానే చెప్పింది. బిడ్డకి ఆవిడే స్నానం చేయించిందట. నర్సు వద్దంటే పోట్లాడి చేయించిందట. గోరువెచ్చటి నీళ్ళు తెమ్మందట, చల్లనీళ్ళు పోస్తే జలుబు చేస్తుందని. "చేస్తుందా ఇంక? అయినా నోటికొచ్చేసింది" అంది. జుట్టు దట్టంగా, ఉంగరాలుగా ఉందట. "నీ జుట్టే."

నేను లేచి సింకు దగ్గరకి వెళ్ళి కొళాయి తిప్పాను. గిన్నెలేం లేవు. ఊరికే నీళ్ళు పోనిచ్చాను.

టీచరమ్మతో నేను అబద్ధం చెప్పలేదన్నమాట. ఆ ఒక్కటీ నిజమే.

గ్రహణం మధ్యాహ్నం పూట. ఆ రోజు పొద్దున నేను బయల్దేరుతుంటే అత్తయ్య చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పక్కన చిట్టి, ఆశ్చర్యంగా నావైపు చూస్తూ.

"ఎక్కడికి?"

"నీతోనే. దీన్ని ఒక్కదాన్నీ చీకటి గదిలో ఎందుకు?" అంది అత్తయ్య.

"ఏమైంది వదినా ఈవిడకి? రాత్రి ఓటు మార్చేసినట్టుంది" అంది చిట్టి. దారిలో ఆటోలో దాని చెయ్యి పట్టుకుని, బిడ్డ కదులుతోందా అని అడిగాను. "కదలడమా? లోపల ఫుట్‌బాల్ ఆడుతున్నాడు" అంది. ఒకవేళ ఎప్పుడైనా ఆట ఆపితే ఎవర్నీ అడక్కుండా ఆసుపత్రికి వెళ్ళమన్నాను. మీ ఆయన్ని కాదు, మీ అన్నయ్యని కాదు, నన్ను కూడా అడగొద్దన్నాను. నవ్వబోయి నా ముఖం చూసి ఆపేసింది.

డోము నిండిపోయింది. మెట్ల మీద కూడా కూర్చున్నారు. బొద్దు టీచరమ్మ పిల్లల్ని వరుసల్లో సర్దుతూ దూరంనుంచి నాకు చెయ్యి ఊపింది. తర్వాత వేలితో చిన్న ఎత్తు చూపించి 'ఏదీ?' అన్నట్టు అడిగింది. నేను కూడా ఏదో ఒక వైపు చెయ్యి చూపించాను. ఆవిడ అటు తిరిగి వెతుక్కుంది.

దీపాలు తగ్గించాను. చుక్కలు వేశాను. "ఓ" అన్నారు. మావారు చాలా బాగా మాట్లాడారు, అది ఒప్పుకోవాలి. వేటగాడు వచ్చాడు, నాగలి వచ్చింది. మనిషి భయపడి దణ్ణం పెట్టాడు, దణ్ణం పెడుతూ చూశాడు, చూస్తూ బొమ్మ గీశాడు, గీస్తూ లెక్క కట్టాడు అన్నారు. ఆ వాక్యం నాది కాదు, ఆయనదే. బాగుంది. ఆయన ఏ బొమ్మ చెబితే ఆ బొమ్మ వేస్తూ కూర్చున్నాను. లోపల మాత్రం నోరు తిరగడానికి 'అవునండీ, అవునండీ' అనుకుంటున్నాను. నిజం చెబుతున్నాను, అనడానికే వచ్చాను. ఒక్క మాట అంటే చాలు, పిల్ల బతికే ఉంటుంది. వచ్చే ఏడు ఐదో తరగతి. లక్షమంది నమ్మితే అది బతికినట్టు కాదా? చుక్కల మధ్య గీతలు కూడా లేవు కదా, గీసుకున్నాం కదా. మాకు ఒక గీత ఎక్కువైందా? పైగా ఎన్నో ఇళ్ళలో తలుపులు తెరుచుకుంటాయి. అందులో అబద్ధం కూడా లేదు, గ్రహణం ఎవర్నీ ఏమీ చెయ్యదు. అందరికీ మేలే. ఇంట్లోనూ హాయి. ఆయన నాకు కూడా ఆ పిల్ల సంగతులు చెబుతారేమో ఇకనుంచి, సాయంత్రాలు.

"తొమ్మిదేళ్ళ కిందట ఒక తల్లి..." అని మొదలుపెట్టారు ఆయన. ఊడిన పళ్ళు వచ్చాయి. చందమామ తడవడం వచ్చింది. పిల్లలు నవ్వారు. ఎంత బాగా నవ్వారో. ఆ నవ్వు మధ్య ముందు వరుసలోంచి అత్తయ్య దగ్గు వినిపించింది. ఆ సాయంత్రం వంటింట్లోంచి చెవిన పడ్డ ముక్కలే తప్ప ఆవిడకి ఈ కథ తెలియదు. మొదటిసారి వింటోంది. కొడుకు నోటినుంచి, తను స్నానం చేయించిన బిడ్డ గురించి.

"ఆ తల్లి ఇప్పుడు మీ మధ్యే ఉంది. ఈ చుక్కలన్నీ మీకు చూపిస్తున్నది ఆవిడే. ఏమైంది ఆవిడకి? ఏమైనా అయిందా?" ఆయన చీకట్లో నావైపు తిరిగారు. "అమ్మాయి క్షేమమే కదా? చెప్పు."

నేను మైకు మీట పైకి నెట్టాను. ఆయన గొంతు వంటింట్లో విన్నదే. అదే హుషారు. ఆ రోజు పొద్దున బూట్లు వేసుకుంటూ మాట్లాడిన గొంతు కూడా అదే. ఆ రోజు ఆయన 'అయ్యాక వెళ్దాం, సరేనా?' అంటే నేను 'సరేనండీ' అన్నాను. నా బతుకులో నేను అన్న ఆ ఒక్క మాటే ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నారు.

"లేదండీ" అన్నాను.

రోజూ షో చెప్పే గొంతుతోనే అన్నాను. ఇంకో గొంతు నాకు రాదు.

"మా అమ్మాయి లేదండీ. నాలుగో తరగతిలో లేదు. పళ్ళు రాలేదు, కాబట్టి ఊడలేదు. గ్రహణం తనని ఏమీ చెయ్యలేదు. నీడ ఎవర్నీ ఏమీ చెయ్యదు, సార్ చెప్పింది నిజం. ఆ రోజు పొద్దున్నుంచి కడుపులో బిడ్డ కదల్లేదు. నేను చెప్పాను. షో అయ్యాక వెళ్దామన్నారు. నేను సరేనన్నాను. జరిగింది అంతే. మీలో ఎవరైనా కడుపుతో ఉంటే, అద్దాలు పెట్టుకుని హాయిగా బయటికి రండి, గ్రహణం చాలా బాగుంటుంది. బిడ్డ కదలడం మానేస్తే మాత్రం ఏ షో కోసమూ ఆగకండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మావారి ఊపిరి ఆయన మైకులోంచి వినిపిస్తోంది. ఆపడం మర్చిపోయారు. ముందు వరుసలో అత్తయ్య, "ఉంగరాల జుట్టు" అంది, ఎవరితోనో, పైకే.

ఇప్పుడు నేను తెల్లవారేలా చెయ్యాలి. జనం బయటికి వెళ్ళాలి, సూర్యుడి అంచు కరగడం మొదలయ్యే వేళయింది. మీట మీద చెయ్యి పెట్టాను కానీ కదపలేదు. టీచరమ్మకి నేను చూపించిన వైపు, అక్కడెక్కడో ఒక సీట్లో, చీకటి ఉన్నంతసేపూ ఆ పిల్ల కూర్చుని ఉంది. తల వెనక్కి వాల్చి చుక్కలు చూస్తోంది. కాళ్ళు నేలకి అందడం లేదు. ఇంకాస్త చూడనిచ్చాను.

తర్వాత దీపాలు పెంచాను.